ఉప్పునీళ్లు తాగిన క్రోటన్

మా వీధిలో ఎవరి ఇల్లు అడిగినా ముందు గులాబ్‌బీ ఇంటి క్రోటన్ చెట్టే చెబుతారు. "ఆ రంగుల చెట్టు కాడ మళ్లుకోండప్పా" అంటారు. ప్రొద్దుటూరులో ఇన్ని బంగారు అంగళ్లు పెట్టుకుని మా వీధికి గుర్తు ఒక ఆకుల చెట్టు! నేను లింగాల నుంచి కోడలిగా వచ్చినదాన్ని. మా పుట్టింట్లో గొర్రెలున్నాయి. గొర్రె మూతి పెట్టని ఆకును మేం చెట్టు కింద జమకట్టం. పువ్వు పూయదు, కాయ కాయదు, దీనికింత రాజభోగమేంది అని ఎదురింట్లో కూర్చుని సణుక్కునేదాన్ని.

రాజభోగం కాకపోతే మరేమిటి? గులాబ్‌బీ మొగుడు సిరాజుద్దీన్ రేకుల పెట్టెలు చేస్తాడు. పెద్ద ఇనుప డ్రమ్మును సగానికి కోసి, అడుగున బెజ్జాలు కొట్టి, లోపల రంగు పూసి ఇచ్చాడు. అందులో ఆ చెట్టు. ఎరుపు, పసుపు, నారింజ, అక్కడక్కడా నలుపు తిరిగిన ఊదా, ఒక ఆకులా ఇంకో ఆకు ఉండదు. పొద్దున్నే తడిగుడ్డతో ఒక్కో ఆకునూ తుడుస్తుంది గులాబ్‌బీ. పిండినల్లి కనిపిస్తే కుంకుడురసం చల్లుతుంది. కొమ్మ తుంచితే కారే పాలు చీరకు అంటితే మరక చచ్చినా పోదు. ఆమె చీరలన్నింటికీ ఆ మరకలే.

నాకు నోరు ఊరుకోదు కదా, ఒకరోజు అడిగేశాను.

"ఏంది గులాబక్కా, బిడ్డ మొహం తుడిచినట్టు తుడుస్తాండావే దాన్ని?"

"కువైట్‌లో ఇంటిపనికి పోయినప్పుడు ఆడ హాల్లో ఇట్లాంటిదే ఒకటుండె నాగలతా. దాని ఆకులు తుడిచేది నా పనే. ఆ ఇంట్లో నేను తెలుగులో మాట్లాడితే ఇనేది అదొక్కటే. నా బిడ్డ సుమయ్యాను ఈడ మా అత్త కాడ ఇడిసిపోయినా గదా, పాలు మాన్పించి పోయినా. ఆ బాధంతా దానికే చెప్పుకుంటాంటి."

"అయితే అదీ ఇట్లనే రంగులుగా ఉన్నిందా?"

"యాడిది! ఏసీలో పచ్చగానే ఉన్నింది. ఇంటికొచ్చినాక బండిమీద కొన్నా దీన్ని. మన ఎండ తగిలినాక సూడు ఎట్లా రంగు తేలిందో!"

ఆ రోజు నుంచి నా సణుగుడు మానేశాను. పుట్టింటికి పోయినప్పుడల్లా మా నాయన ఆదెన్నను అడిగి గొర్రె ఎరువు ఒక సంచెడు తెచ్చి ఆ డ్రమ్ములో వేసేదాన్ని.

వీధిలో ఏ ఆడపిల్ల పెళ్లయినా, మావాళ్లయినా వాళ్లవాళ్లయినా, గులాబ్‌బీ ఆ చెట్టుకు ముందే అంటు కడుతుంది. కొమ్మ మీద బెరడు ఉంగరంలా తీసి, తడి కొబ్బరిపీచు చుట్టి, పైన కవరు బిగిస్తుంది. వేర్లు కవరుకు తగిలాక కోసి, కుండీలో నాటి, ఎర్రగుడ్డ చుట్టి పెళ్లికూతురితో పంపుతుంది. మా వీధి పిల్ల ఆసియా అట్లా ఒకటి పులివెందులకు తీసుకుపోయింది. సాజియా కమలాపురానికి. ఇంతమందికి ఇచ్చింది కదా, తన కూతురికి ఇవ్వాల్సిన రోజు వచ్చేసరికే వచ్చిపడింది తంటా.

సుమయ్యాకు జమ్మలమడుగు సంబంధం. పిల్లవాడి పేరు మొయిన్, మోటార్లకు వైండింగ్ చేస్తాడు. బక్రీద్ అయ్యాక, మొహర్రం నెల రాకముందే పెళ్లి పెట్టుకున్నారు. మొహర్రంలో వాళ్లలో పెళ్లిళ్లు చేయరు. గులాబ్‌బీ చెట్టు మీద అన్నిటికంటే మంచి కొమ్మ చూసి అంటు కట్టింది. "ఇది నా బిడ్డది, ఎవురూ చెయ్యి పెట్టొద్దు" అని వీధికంతా చాటింపు వేసింది.

ఇక సిరాజుద్దీన్ తెలివి చూడండి. వియ్యాలవారు మాటలకు వస్తున్నారని, హాల్లో ఘనంగా కనిపిస్తుందని, ఆ డ్రమ్మును నలుగురితో మోయించి లోపల పెట్టాడు. తర్వాత గోడలకు పెయింటు పని మొదలై అది అక్కడే ఫ్యాను కింద ఉండిపోయింది. ఎండకు అలవాటైన చెట్టు, ఊరుకుంటుందా? ఆకులన్నీ జలజలా రాల్చేసింది. మళ్లీ వాకిట్లోకి తెచ్చేసరికి కట్టెలు మిగిలాయి. అంటు కూడా ఎండిపోయింది.

గులాబ్‌బీ మొగుణ్ణి తిట్టి ఉంటే బాగుండేది. "ఊరందరి బిడ్డలకూ ఇచ్చి నా బిడ్డను ఒట్టిచేతుల్తో పంపల్లనా నాగలతా?" అని ఏడ్చింది. గోటితో కాండం గీరి చూసింది. లోపల పచ్చగానే ఉంది. చిగురేస్తుందని ఆశ పెట్టుకుంది.

బక్రీద్ వచ్చింది. వీధిలో వాళ్లవాళ్ల ఇళ్లన్నింట్లోనూ కుర్బానీ మాంసం కడుగుతారు, పసుపూ ఉప్పూ వేసి మరీ. మాంసం కడిగిన నీళ్లు పోస్తే గులాబీలు విరగబూస్తాయని అందరికీ నమ్మకం. పాపం, గులాబ్‌బీ చెట్టు మోడైపోయిందే అని ఒక్కొక్కరూ ఎవరికి వారు, ఒకరికి తెలియకుండా ఒకరు, తలా ఒక చెంబు తెచ్చి ఆ డ్రమ్ములో పోశారు. పక్కింటి చాంద్‌బీ అయితే చెంబు కాదు, ఏకంగా గంగాళమే!

మరునాడు చూస్తే డ్రమ్ము చుట్టూ వీధిలోని పిల్లులన్నీ చేరాయి. మట్టి మీద తెల్లటి పూత. మా లింగాలలో ఉప్పునీటి బోరు పారించిన చీనీతోటల్లో చూశాను అలాంటి పూత. నా ఒళ్లు మండిపోయింది.

"ఎవురమ్మా ఇందులో ఉప్పునీళ్లు పోసింది? కూరొండుకుంటారా ఏంది దీన్ని?" అని వీధంతా వినబడేట్టు అరిచాను.

"నేనే పోసినా. బలమొస్తాదనుకుంటి" అంది చాంద్‌బీ. అంతే, ఆ గుమ్మంలోంచి ఒకరు, ఈ గుమ్మంలోంచి ఒకరు, "నేనూ పోసినా" అంటూ బయటికొచ్చారు. ఎవరి మొహం చూసినా నెత్తురు చుక్క లేదు. గులాబ్‌బీ వాళ్లను చూసి, చెట్టును చూసి, ఏడవబోయి పక్కున నవ్వేసింది. "నా చెట్టుకు దావత్ చేసినారు గదే అందరూ!"

నవ్వితే ఉప్పు పోదు కదా. ఎవరు పోశారో వాళ్లే మంచినీళ్లు తెచ్చి కడగాలని నేనే తీర్పు చెప్పాను. మాకు కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది. అయినా ఎవరూ వెనకాడలేదు. తాగడానికి పట్టుకున్న బిందెలే తెచ్చి, అడుగు బెజ్జాల్లోంచి నీరు తేటగా కారేదాకా పోశారు. సిరాజుద్దీన్ తెల్లపూత పట్టిన పైమట్టి తీసేసి కొత్త మట్టి నింపాడు.

పెళ్లినాటికి చిగుళ్లు రాలేదు. గులాబ్‌బీ గుట్టుగా బండిమీద కొత్త క్రోటన్ ఒకటి కొని, ఎర్రగుడ్డ చుట్టి పెట్టింది. కూతుర్ని సాగనంపే వేళ అది చేతికిస్తే సుమయ్యా తీసుకోలేదు.

"ఇది నాకొద్దు అమ్మీ. నీ చెట్టే కావల్ల."

"అది ఎండుకట్టె బేటీ! అత్తగారింటికి మోడు తీస్కపోతారా ఎవురైనా?"

"నువ్వు కువైట్‌లో ఉన్నప్పుడు నీ మొగం నాకు గుర్తుండ్లే. వచ్చినాక దీని ఆకులు తుడుస్తా తుడుస్తానే గదా మనం మాటలు నేర్చింది. మోడైనా ఇదే ఇయ్యి."

గులాబ్‌బీ కొత్త మొక్కను నా చేతిలో పెట్టి, దాని ఎర్రగుడ్డ విప్పి డ్రమ్ములోని మోడుకు చుట్టింది. నాకు కళ్లు నిండాయి. పెళ్లికొడుకు మొయిన్ షేర్వానీ చేతులు మడిచి డ్రమ్ముకు ఒకవైపు పట్టాడు. రేకుపెట్టె, మంచం, బీరువాలతోపాటు ఆ మోడు కూడా ట్రాలీ ఎక్కి జమ్మలమడుగు పోయింది.

తర్వాత ఒకనాడు సుమయ్యా ఫోను చేసి, చిగుళ్లు వచ్చాయిగానీ అన్నీ పచ్చగానే ఉన్నాయంది. "నీడలో పెట్టుకున్నావు గదా? మిద్దె మీదికి ఎక్కించు. ఒకేసారి కాదు, మొదట పొద్దుటి ఎండలో" అని గులాబ్‌బీ చెప్పింది. ఫోను పెట్టేశాక తన వాకిట్లో డ్రమ్ము ఉన్నచోట ముగ్గు వేసినట్టు మిగిలిన గుండ్రటి మరకను చూస్తూ కూర్చుంది. దిగులు లేదు ఆ మొహంలో.

మరుసటి బక్రీద్‌కు సుమయ్యా, మొయిన్ వచ్చారు. సుమయ్యా చేతిలో పెయింటు బకెట్, దానికి ఎర్రగుడ్డ, అందులో నాలుగు రంగుల్లో మెరుస్తూ ఒక అంటుమొక్క. "నీ చెట్టు బిడ్డ అమ్మీ, పుట్టింటికొచ్చింది" అంది. గులాబ్‌బీ దాన్ని ఆ గుండ్రటి మరక మీదే పెట్టి, కొంగుతో ఆకులు తుడిచింది.

ఇంతలో చాంద్‌బీ చెంబుతో వచ్చింది. వీధంతా ఒక్కసారిగా "ఏయ్!" అని కేక పెట్టింది. నేనైతే అడ్డంగా పరిగెత్తాను.

"అరవొద్దండే! మంచినీళ్లే!" అని చాంద్‌బీ అందరి ముందూ చెంబెత్తి గటగటా రెండు గుక్కలు తాగింది. మిగిలినవి మొక్కకు పోసింది.