కుప్పుస్వామి ఆగే చోటు

చిత్తూరులో ఫిడేలు కుప్పుస్వామి ఇల్లెక్కడ అని అడిగి చూడండి, ఎవరూ చెప్పరు. జ్ఞానాంబ మొగుడి ఇల్లని అడగండి, గుమ్మం దాకా దిగబెట్టి మరీ వస్తారు. ఆమె పాడేది, ఈయన పక్కన కూర్చుని వాయించేవాడు. మగాడై పుట్టి పెళ్ళాం వెనకాల ఫిడేలు కమాను లాగుతాడా అని ఊళ్ళో నవ్వనివాడు లేడు. ఆయన పట్టించుకుంటేగా! "ఇంట్లో నేను ముందు నడస్తా, కచేరీలో ఆమె నడస్తాది. సరికి సరి గదప్పా" అనేవాడు. నిజం చెప్పొద్దూ, ఇంట్లోనూ ఆమే ముందు.

పక్కవాద్యానికి ఒక మర్యాద ఉంది. పాడేవాళ్ళ వెంట మెత్తగా నడవాలి. ఒక వరస ముగించి వాళ్ళు ఊపిరి తీసుకుంటుంటే ఆగాలి. మళ్ళీ నోరు తెరిచాకే కమాను కదలాలి. ఫిడేలు ముందు పడిందా, కచేరీ గోవిందా! కుప్పుస్వామి బతుకంతా ఆ మర్యాద తప్పలేదు. వయసు మీదపడి జ్ఞానాంబ గొంతు ఐదు శ్రుతి నుంచి నాలుగుకు దిగితే, ఆయన తీగలు కూడా మారుమాట లేకుండా దిగాయి.

రెండేళ్ళ కింద ఆమె పోయింది. పాడే మనిషి లేని పక్కవాద్యాన్ని ఎవరు పిలుస్తారు? సాయంత్రమైతే ఆయన టీవీ పెట్టుకుని, దానివైపు చూడకుండా కూర్చునేవాడు. ఒక్కడికే వండుకోవడం రాక రోజూ అన్నం మిగిలేది. అలాంటి రోజుల్లో తిరుపతి నుంచి నిలోఫర్ ఫోన్ చేసింది. సంగీత కళాశాలలో చదివిన పిల్ల, జ్ఞానాంబ కచేరీల్లో ఈయన వాయిస్తుంటే విన్నది. నాలుగు తీగవాద్యాలకు కొత్తగా ఒక బాణీ కట్టిందట, ముందు వాయించడానికి ఆయన కావాలట. ముందు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆయనకు. ఇదీ చేతకాకపోతే ఫిడేలు ఎవరికైనా ఇచ్చేద్దామని నిశ్చయించుకునే బస్సెక్కాడు.

నిలోఫర్ నాయన జిలాన్‌కు పరుపుల దుకాణం ఉంది. దాని వెనక గదిలో, దూది పరుపుల మధ్య రికార్డింగు పెట్టారు. దగ్గినా తిరిగి వినబడని గది అది. చక్రధర్ అనే కుర్రాడు మనిషంత పెద్ద ఫిడేలు, చెల్లో అంటారు, అది పట్టుకుని కూర్చున్నాడు. ఇంకో ఇద్దరు ఫిడేళ్ళతో ఉన్నారు. ముగ్గురూ తంబురాలాగా ఒకే స్వరం పట్టుకుని ఉంటారు, దానిమీద కుప్పుస్వామి ఒక్కడే నడవాలి. నిలోఫర్ ఆయన కోసం స్వరాలు రాసిచ్చింది. ఇంగ్లీషు సంగీతం లెక్కలో అది మైనర్, ఈయన చెవికి నఠభైరవి రాగం. కాలం చూస్తే ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య కాఫీ తాగి రావచ్చు.

"ఇది చౌకకాలం కాదు పాపా, గురకకాలం" అన్నాడు. అందరూ నవ్వారు. కాగితం నెత్తిన 'ఒంటరిగా, తొందర లేకుండా' అని రాసి ఉండటం చూశాక ఆయన మాత్రం మళ్ళీ నవ్వలేదు.

శ్రుతి ఐదు. పెళ్ళైన కొత్తలో జ్ఞానాంబ పాడిన శ్రుతి. బిరడాలు తిప్పి, నాలుగులో ఉన్న తీగల్ని మళ్ళీ ఐదుకు బిగించాడు.

మొదలుపెట్టాడు. ఒక వరస వాయించి ఆగాడు. ముగ్గురూ ఆ ఒక్క స్వరం పట్టుకుని ఎదురుచూశారు.

"ఏమైనాది సార్?" అంది నిలోఫర్.

"ఏం లేదు పాపా. మళ్లా వాయిస్తా."

మళ్ళీ అక్కడే ఆగాడు. మూడోసారీ అంతే. చక్రధర్‌కు నవ్వొచ్చింది గానీ ఆయన మొహం చూసి మింగేశాడు.

"ఎవురి కోసం ఆగతా ఉండారు సార్?" అని నిలోఫర్ మెల్లగానే అడిగింది.

కుప్పుస్వామి కమాను దించాడు. "ఆమె ఊపిరి తీసుకోవాల గదా" అనేసి, అన్న మాట తన చెవికే వినబడి తల దించుకున్నాడు.

తల ఎత్తకుండానే, "నన్ను ఎనకాల పెట్టుకో పాపా. ముందు ఇంగెవురన్నా వాయించనీ" అన్నాడు.

"మీరు వాయించేది విని కట్టినాను సార్ దీన్ని. ఇంగొకరు వాయిస్తే అది ఇది కాదు. మీరు వద్దంటే మానేస్తా, అంతే."

పాపం, పిల్ల ఎన్ని నెలలు కష్టపడిందో! కుప్పుస్వామి ఫిడేలు మళ్ళీ భుజానికి ఆనించాడు. వరస చివరికి వచ్చేసరికి అలవాటుగా చెయ్యి బరువెక్కింది. పళ్ళ బిగువున కమాను లాగాడు. రెండో వరసలోకి వెళ్ళిపోయాడు. అక్కడినుంచి మూడోదానికి. చివరి స్వరం సన్నగిల్లి పరుపుల్లో ఇంకిపోయేదాకా ఎక్కడా ఆగలేదు.

"అబ్బా! ఎంత బాగొచ్చినాదో సార్!" అంటూ నిలోఫర్ లేచి వచ్చింది. వచ్చి నిలబడిపోయింది. జ్ఞానాంబను సాగనంపిన రోజు కంటతడి పెట్టని మనిషి, ఫిడేలు ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"ఇన్నాళ్ళూ నేను ఆగితే ఆమె అందుకుంటాదనే ఉన్నాను పాపా" అన్నాడు. "ఈపొద్దు ఆగకుండా వచ్చేసినా. ఆమెను ఆడే ఇడిసిపెట్టి, నేనొక్కణ్ణే వచ్చేసినా."