ఆకలి తీరిన బొగ్గు

మా పక్కింటి బాబాయ్ పోయారని ఫోన్ వచ్చేసరికి నేను తగరపువలస దగ్గర నాన్న పొలంలో ఉన్నాను. బాబాయ్ నానబెట్టి ఇచ్చిన బొగ్గు బస్తా మూతి అప్పుడే విప్పాను. అందులోంచి రెండు గుప్పెళ్లు కవర్లో వేసుకున్నాను, ఎందుకో తెలియదు. చేతులైనా కడుక్కోకుండా బస్సెక్కేశాను.

సీతమ్మధారలో మా గోడకు అవతలి ఇల్లు ఆయనది. ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. గాలి తగలకుండా బొగ్గును వండే పని అది. ఆ తర్వాత హోటళ్లవాళ్లు పారేసిన కొబ్బరి చిప్పలూ, ఎండిన సరుగుడు కొమ్మలూ మోసుకొచ్చి పెరట్లో ఇనప డ్రమ్ములో కాల్చడం మొదలుపెట్టారు. ఆరేసిన బట్టలకు మసి పడుతుందని మొదటిరోజు నేను పోట్లాటకే వెళ్లాను.

"పొగేదమ్మా? సూపించు" అన్నారు.

నిజంగానే లేదు. ఆయన నిప్పు పైనుంచి ముట్టించారు. కింద పుట్టిన పొగను పైనున్న మంటే తినేస్తోంది. వచ్చిన పని మర్చిపోయి చూస్తూ నిలబడిపోయాను. అంచుల్లో తెల్లగా బూడిద కనిపించగానే బకెట్లతో నీళ్లు కుమ్మరించారు.

"బూడిదైతే గాలికి పోతాది. బొగ్గైతే మన మనవల మనవలు పోయినా మట్టిలోనే ఉంటాది" అన్నారు.

చల్లారాక ఒక చిప్ప నా చేతిలో పెట్టారు. దాని మూడు కళ్లూ చెక్కుచెదరలేదు. గోటితో మీటితే గాజులా మోగింది. చెత్తబండిలోకి వెళ్లాల్సిన వస్తువు అంత అందంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ ఏడాదే మా తమ్ముడు పొలం అమ్మేద్దామని పట్టుబట్టాడు. ఇసక నేల, ఎంత తడి పెట్టినా నిలిచేది కాదు. ఒక్క పంట చూపిస్తే ఊరుకుంటానన్నాడు. నాకు తొందర. బాబాయ్ ఊళ్లో లేనప్పుడు పిన్నినడిగి రెండు బస్తాల బొగ్గు పట్టుకెళ్లి చల్లేసి, వంగ నారు వేశాను. నెల తిరక్కుండా మొక్కలన్నీ పసుపు తిరిగి కూలబడ్డాయి. గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

ఆయన వచ్చి చూశారు. తిడతారనుకున్నాను. ఒక ముక్క తీసి నలిపారు.

"పచ్చిదే ఏసేసినావా? ఇది ఆకలి మీదుంటాదమ్మా. మొక్క నోటికాడ కూడు ఇదే లాగేత్తాది. ముందు దీని కడుపు నింపాల."

పేడ నీళ్లలో బెల్లం కలిపి, బొగ్గు పోసి, పదిహేను రోజులు నానబెట్టారు. రోజూ మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపేవారు, వాసన చూసేవారు. ఆదివారం చర్చికి వెళ్లేముందు నిమ్మతొక్కతో ఎంత తోమినా గోళ్లు నల్లగానే ఉండేవి. "పాటల పుస్తకం నిండా ఈయన ఏలిముద్రలే" అని పిన్ని విసుక్కునేది.

రెండోసారి సగం పొలానికే వేశాం. కాయల బరువుకు వంగ మొక్కలు ఒరిగిపోతే పుల్లలు ఆనించాం. తమ్ముడు మిట్టమధ్యాహ్నం వచ్చి మట్టి పిడికెడు తీశాడు. చల్లగా, తడిగా ఉంది. "మిగతా సగం ఎప్పుడేత్తన్నావ్?" అన్నాడు. మరి అమ్మకం మాట ఎత్తలేదు. ఇసకకు నీళ్లు దాచుకోవడం నేర్పిన మనిషి ఇన్నాళ్లూ మా గోడ పక్కనే ఉన్నారు. ఫోన్ వచ్చినప్పుడు నేను విప్పిన బస్తా ఆ మిగతా సగానికే.

సమాధుల తోటలో ఒక్కొక్కరూ గుప్పెడు ఎర్రమట్టి వేశారు. నా వంతు వచ్చేసరికి పిన్ని నా నల్లటి చేతులు చూసింది, తర్వాత కవరు చూసింది.

"నానిందేనా?" అంది.

"బాబాయ్ చేత్తో కలిపిందే, పిన్నీ."

కవరు తీసుకుంది. గొయ్యి పూడ్చేదాకా ఆగి, తలవైపు ఆ రెండు గుప్పెళ్లూ పోసి అరచేత్తో సర్దింది. తాను తాగుతున్న సీసాలోని నీళ్లు మెల్లగా దానిమీద వంచింది. చుక్క కూడా పక్కకు జారలేదు.