వాడపల్లి దాకా, కళ్ళు మూసుకుని

సూర్యాపేట నుంచి వెళ్లే బస్సు మిర్యాలగూడ పొలిమేర చేరగానే కిటికీలోంచి ఉడికిన వడ్ల వాసన గుప్పుమంటుంది. కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఒళ్లంతా ఉత్సాహం కమ్ముకొస్తుంది. నిన్న కూడా అంతే. ఆ వాసనతో పాటు అండాళమ్మ పెద్దమ్మ మేడ మీది ఉదయాలన్నీ ఒక్కసారిగా వచ్చి నా పక్కన కూర్చున్నాయి.

ఆమె మా ఇంటి యజమానురాలు. వాళ్లది తరతరాలుగా రైస్ మిల్లు నడుపుతున్న కుటుంబం. నేను కోదాడ నుంచి అక్కడి జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి వచ్చి, వాళ్ల కింది వాటాలో అద్దెకు దిగాను. అప్పటికి మా అమ్మ పోయి ఏడాది కూడా కాలేదు. కాలేజీ, వంట, నిద్ర అన్నీ జరిగిపోతున్నాయి కానీ ఏదీ నన్ను తాకేది కాదు. ఒకరోజు బిందె నిండి నీళ్లు పొర్లిపోతున్నా నల్లా దగ్గర అలాగే చూస్తూ నిలబడ్డానట. పెద్దమ్మ వచ్చి నల్లా కట్టేసి, రేపు పొద్దున మేడ మీదికి రమ్మంది.

వెళ్లేసరికి ఇరుగుపొరుగు ఆడవాళ్లు చాపల మీద కూర్చుని ఉన్నారు. పెద్దమ్మ మెల్లగా మాట్లాడుతూ ధ్యానం చేయించేది. ముందు ఊపిరిని గమనించమనేది. తర్వాత నిన్నటి నుంచి ఈ క్షణం దాకా మనసుకు హాయి అనిపించిన చిన్న సంగతి ఒకటి వెతుక్కోమనేది. దొరికాక దాన్ని వదలకుండా గుండెల్లోంచి భుజాల్లోకి, చేతివేళ్లలోకి పాకనివ్వమనేది. చివర్లో ఎవరికి ఏం దొరికిందో చెప్పుకునేవాళ్లు. ఒకామెకు వాకిలి చల్లుతుంటే పాదాల మీద పడ్డ నీళ్లు, ఇంకొకామెకు మనవడి నోటి పాలవాసన. తర్వాత నా వంతు వచ్చింది.

"నాకేం దొరకలేదు పెద్దమ్మా," అన్నాను.

"దొరకకుంటే దొరకలేదను, బిడ్డా. జబర్దస్తీ ఏం లేదు. ఉత్తగ వచ్చి కూసో," అంది.

అక్కడ ఎవరూ నా మీద జాలిపడలేదు. అదే నాకు నచ్చి రోజూ వెళ్లాను. ఈ ధ్యానం ఆమె సూర్యాపేటలో ఒక శిక్షణ తరగతిలో నేర్చుకుందట. అక్కడి గురువు సముద్రతీరాన్ని ఊహించుకోమన్నాడట. "సముద్రం నేను సూడనే లేదు. సూడనిదాన్ని ఎట్ల తల్సుకోను? అందుకే నేను కండ్లు మూసుకొని వాడపల్లికి పోయిన," అని నవ్వేది. అక్కడ మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట మెట్ల మీద కూర్చుని, నీళ్లలో కాళ్లు పెట్టుకున్నట్టు మా చేత కూడా ఊహింపజేసేది.

ఒక సాయంత్రం త్రిపురారం నుంచి వస్తుంటే బస్సులో పక్కావిడ ఒళ్లోని పసిపాప నిద్రలో నా చూపుడువేలు పట్టుకుంది. దిగేదాకా వదల్లేదు. మర్నాడు ధ్యానంలో, వెతక్కుండానే, ఆ పట్టు నా వేలికి తగిలింది. వెచ్చదనం మోచేతి దాకా, ఛాతీ దాకా పాకింది. కళ్ళు మూసుకునే పైకి నవ్వేశాను, ఏడ్చాను కూడా. ఆ పూట క్లాసులో నా హుషారు చూసి, మేడమ్‌కి ఏమైందని పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కొన్నేళ్లకు పెద్దమ్మకు పక్షవాతం వచ్చింది. సూర్యాపేటలో ఆసుపత్రిలో చేర్చారు. మెల్లగా చెయ్యి కదిలింది కానీ మాట రాలేదు. అనుకున్నది నోటికి రాక, ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది. నేను వెళ్లినా ఇటు చూడలేదు. ఏం చేయాలో తోచక చెయ్యి పట్టుకుని, ఆమె మాటలే ఆమెకు చెప్పడం మొదలుపెట్టాను. ఊపిరి గమనించమన్నాను. వాడపల్లికి పోదామన్నాను. మెట్లు దిగుతున్నామన్నాను. ఇక నీళ్లలో కాళ్లు పెట్టమనగానే దుప్పటి కింద ఆమె కాలివేళ్లు కదిలాయి.

"నీళ్లు ఎట్లా ఉన్నాయి పెద్దమ్మా?" అని అడిగాను.

ఆమె పెదవులు చాలాసేపు పెనుగులాడాయి.

"స... సల్లగున్నయ్," అంది.

పక్కనే ఉన్న కోడలు పరుగున బయటికెళ్లి అందరినీ పిలుచుకొచ్చింది. సంతోషం పట్టలేక నేను మందులివ్వడానికి వచ్చిన నర్సును కౌగిలించుకున్నాను.

తర్వాత మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, కొన్ని రానే లేదు. ధ్యానం చేయించే పని నాకప్పగించి, ఆమె చాప చివర కూర్చుని వినేది. నేను తొందరపడితే వేలెత్తి ఆగమనేది. కిందటేడు ఆమె పోయింది. నాకు సూర్యాపేట బదిలీ అయింది. మేడ మీద ఇప్పుడు ఆమె కోడలే ధ్యానం చేయిస్తోంది. నిన్న నేను వెళ్లింది అందులో కూర్చోవడానికే.

అమ్మ లేని లోటు తీరలేదు, పెద్దమ్మది దానికి తోడైంది. అయినా లేచీ లేవగానే ఈ రోజు నాకేం దొరుకుతుందోనని చిన్నపిల్లలా ఆత్రపడతాను. ఇవాళ ఇంకా మొహం కడుక్కోకముందే దొరికింది. ఎదురింటి పెద్దాయన స్టార్ట్ కాని స్కూటర్ పక్కన నిలబడి, అల్లుణ్ణి బతిమాలినట్టు దాన్ని బతిమాలుతున్నాడు. వాకిట్లో నిలబడి ఒక్కదాన్నే కడుపారా నవ్వుకున్నాను.