ముగ్గురూ కూర్చుంటేనే

మూతపడిన టైపు ఇన్‌స్టిట్యూట్‌ను ముగ్గురు స్నేహితురాళ్లు చిత్రకారుల విడిదిగా మార్చి పన్నెండేళ్లయింది. బయటి ఊళ్ల చిత్రకారులు వచ్చి నలభై రోజులుంటారు. గీసినవాటిని ముందు గది గోడకు తగిలించి, నలుగురికీ చూపించి వెళతారు. నడిపేవాళ్లు తమ బొమ్మలను ఆ గోడకెక్కించరాదనీ, ముగ్గురూ ఒకచోట కూర్చుని ఒప్పుకుంటే తప్ప ఆ నిబంధన మారదనీ మొదటిరోజే రాసుకున్నారు. ఆ రాత ముగ్గురిలో ఒకామెది. తర్వాత మిగతా ఇద్దరూ ఉద్యోగాలంటూ ఊరొదిలారు. దరఖాస్తులు చదవడం దగ్గర్నుంచి పరుపులు ఎండబెట్టడం దాకా అన్నీ ఆమె ఒక్కదాని నెత్తినే పడ్డాయి.

ఆ పనుల మధ్య ఆరేళ్లుగా బొమ్మ వేయని ఆమె, ఈ ఏడాది ఒకటి పూర్తిచేసింది. విడిదిలో ఉన్న కుర్ర చిత్రకారిణి అది చూసి కళ్లింతలు చేసుకుంది.

"అక్కా, దీన్ని లోపల దాచావేంటి? గోడకెక్కించు."

"నిబంధన ఒప్పుకోదు."

"రాసిందెవరు?"

"నేనే."

"బాగుంది! సంకెళ్లు నువ్వే వేసుకుని, తాళంచెవులు ఊళ్ల మీదికి పంపించావన్నమాట!"

ఆమె ఇద్దరికీ ఫోన్ చేసింది. ఒక్క గంట వచ్చి కూర్చోమని అడిగింది. మొదటి స్నేహితురాలు పకపకా నవ్వింది.

"ఇంకా ఆ కాగితం పట్టుకుని వేలాడుతున్నావటే? తగిలించేసుకో తల్లీ, ఎవరడుగుతారు?"

రెండో స్నేహితురాలు, "పనిలో ఉన్నానే, నీ ఇష్టం," అని పెట్టేసింది.

ఫోనులో విసిరిన మాట తీర్మానం కాదు. బొమ్మ ఎలా ఉందని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

మర్నాడు గడువు ముగిసి కుర్ర చిత్రకారిణి వెళ్లిపోయాక ఆమె మేకుల గుంతలు పూడ్చి, రాబోయేవారి కోసం గోడకు సున్నం వేసి, అది ఆరేదాకా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.