ఆకులు రాలే వసంతం

మా పక్కింటి అవ్వ పోయిందని చెప్పినప్పుడు నేనిచ్చిన జవాబు ఇది: "ఫర్వాలేదక్కా, తొందరేం లేదు. నేను ఉంటాలే."

నన్ను తప్పుగా అనుకోకండి. ఆ గురువారం పదింటికి అవ్వా నేనూ కూర్చుని ఆకులు గుచ్చాలి. రైస్‌థార్ప్‌లో మా రెండిళ్లకీ మధ్యనున్న పొట్టి గోడ దగ్గర దారపుండ పట్టుకుని నిలబడి ఉన్నాను. అవ్వ కోడలు తల దువ్వుకోకుండా బయటికొచ్చి, "అవ్వ ఈజ్ లేట్, మా" అంది. మనిషి చనిపోవడాన్ని ఇక్కడివాళ్లు అలా అంటారని రెండేళ్లుగా ఉంటున్నా నాకు తెలియదు. మన వైపు ఆ మాట శుభలేఖల్లో పేరు ముందు కనిపిస్తుంది గానీ వాక్యం చివర రాదు. ఆమె నన్ను చూసింది. నేను ఆమెను చూశాను. "లేట్, మా. తెల్లారి అయిదింటికి. నిద్రలోనే" అంది మళ్లీ. అప్పటికి గానీ నాకు ఎక్కలేదు.

సాయంత్రం ఆమే మా ఇంటికొచ్చింది. "శనివారం చర్చిలో సర్వీసు. మా చిన్నది అవ్వ భాషలో రెండు లైన్లు చెప్తానంటోంది. ఇంట్లో ఎవరికీ సరిగ్గా రాదు. నువ్వు రాసిపెట్టు, మా. కరెక్ట్‌గా రాయి."

ఆ 'కరెక్ట్‌గా' దగ్గరే నా చిక్కంతా.

విజయవాడలో ఎం.ఏ. పూర్తిచేసి, అక్కా బావల వెంట, భూమధ్యరేఖకి దిగువన జూలూలుండే ఈ దేశానికి వచ్చాను. బావ ఇంజినీరు, ఆయనకి ఉద్యోగం ఉంది. నాకు పర్మిట్ లేదు. కిటికీ దగ్గర నిలబడడం, అర్జీలు రాయడం, మళ్లీ కిటికీ. అలాంటి ఒక రోజున, ఈస్టర్ సెలవుల్లో, పేవ్‌మెంట్ మీద ఒక ముసలామె కనిపించింది. ప్లేన్ అనే వీధి చెట్టు కింద వంగి, రాలిన ఆకుల్ని ఒక్కొక్కటే తిప్పి చూసి, కొన్ని సంచిలో వేసుకుని, కొన్ని విసిరేస్తోంది. బజార్లో బెండకాయలు ఏరినట్టు. పాపం మతి స్థిమితం లేదేమో అనుకుని దగ్గరకెళ్లాను.

"ఏటి పిల్లా అలా సూత్తన్నావు? సంచి పట్టుకో. షేషా, షేషా!"

షేషా అంటే జూలూలో తొందరగా అని. నేను కదలకపోయేసరికి "బేగి!" అంది. అరవై డెబ్బై ఏళ్ల కిందట ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి నోట, మా అమ్మమ్మ వాడిన మాట. సంచి పట్టుకున్నాను.

ఆమె తెలుగు తమాషాగా ఉండేది. వాళ్ల అమ్మమ్మ కాలంలో చెరకు తోటలకి వచ్చిన భాష అది. దారిలో క్రియలన్నీ అరిగిపోయి ఒక్కటే మిగిలినట్టుంది. నేను వత్తాది, నువ్వు వత్తాది, బస్సు వత్తాది. అందరికీ ఒకే రాక.

ఏటా ఈస్టర్ సెలవులకి ఆమె వంటింటి బల్ల పిల్లలకి పనిశాల అయిపోయేది. మనవరాలికి తొమ్మిదేళ్లు. ఆ పిల్లతో పాటు బళ్లో కొత్తగా చేరిన జూలూ స్నేహితురాలు ఒకతి వచ్చేది. పని వింతదేమీ కాదు, మీ ఇంట్లోనూ చేయించొచ్చు. కోడిగుడ్డు మీద చిన్న ఆకు బోర్లా పెట్టాలి. పాత మేజోడు ముక్కలో బిగించి ముడేయాలి. ఉల్లిపొట్టు నీళ్లలో ఉడికించి చల్లారాక విప్పితే, ఇటుక రంగు గుడ్డు మీద ఆకు తెల్లగా, ఈనెలతో సహా దిగి ఉంటుంది. విప్పేటప్పుడు పిల్లలిద్దరూ ఊపిరి బిగబట్టేవాళ్లు. ఒక గుడ్డు పగిలితే అవ్వ దాన్ని ఉప్పద్దుకుని తినేసి, "ఇది నా వాటా" అనేది. పగిలిన ప్రతిదీ ఆమె వాటాయే. ఒక మధ్యాహ్నం నాలుగు తినేసి, కోడలు చూడకుండా పెంకులు కొంగులో దాచుకుంది.

చెట్టు మీది ఆకు కోయనిచ్చేది కాదు. జూలూ పిల్ల ఒకసారి ఎగిరి ఎర్రటి ఆకు తెంపితే, "ఐకోనా, కూడదు! చెట్టు మీదది చెట్టుది. కింద పడితే మనది" అని గదిమింది. అణచడానికి లావుపాటి టెలిఫోన్ డైరెక్టరీ. మంచి ఆకులన్నీ నాయుడు పేర్లున్న పేజీల్లో పెట్టించేది. ఇక్కడ ఆ పేరు పేజీలకి పేజీలు ఉంటుంది. "మనోల్ల కింద పెట్టు, మనోల్లు బరువెక్కువ" అని తనే నవ్వేది.

అందులో ఒక ఆకు మాత్రం ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. రంగు తేడా లేకుండా అందరూ మొదటిసారి ఓటు వేసిన రోజు ఏరినదట. పొద్దుటి నుంచీ లైన్లో మడత స్టూలు వేసుకుని కూర్చుని, విసుగొచ్చి కింది ఆకులు గుచ్చడం మొదలుపెట్టిందట. ముందున్న జూలూ ఆడవాళ్లు చూసి తామూ గుచ్చారట. "లోపలికెళ్లే యేలకి బారెడు తోరణం అయిపోయింది. ఆపీసరు ఇదేటి అన్నాడు. డెకరేషన్, సార్ అన్నాను."

తోరణం అంటే మామిడాకుల్లాగే, ఆకుని దారం మీదికి మడిచి చీపురుపుల్లతో గుచ్చడం. ఆ ఆకుల పనంతా ఆమె ఉగాది కోసమే మొదలుపెట్టింది. కొడుకూ కోడలూ చర్చిలో చేరాక అది ఈస్టర్ సెలవుల ఆటగా మారింది. కోడలికి గుమ్మానికి కట్టడం ఇష్టం ఉండేది కాదు. "అవ్వా, మన ఇంట్లో ఇవి వద్దు కదా" అనేది మెల్లగా. ఆమె చెడ్డది కాదు, భయస్తురాలు.

"ఇది దేవుడికి కాదే, గుమ్మానికి. గుమ్మం ఏ చర్చికీ పోదు."

చివరికి పెరటి గుమ్మానికి కట్టుకోవచ్చని ఒప్పందం కుదిరింది.

ఇంక నా సంగతి. మొదటి ఏడాదే, అదే బల్ల దగ్గర జరిగింది. అవ్వ కిటికీలోంచి చూపిస్తూ మనవరాలితో, "సూడు, వసంతం వచ్చేసింది. ఆకు రాల్తాది" అంది.

నేను నవ్వాను. వెక్కిరించాలని కాదు, ఆగలేకపోయాను. "వసంతం అంటే చిగుళ్లు వచ్చే కాలం అవ్వా! ఇది వసంతం ఎలా అవుతుంది?"

"మరి దీన్నేమంటారు ఆంటీ?" అంది మనవరాలు, ఇంగ్లీషులో.

ఇక్కడ ఋతువులు తలకిందులు కదా. పాఠం ప్రకారం శరదృతువు. కానీ మనకి శరత్తు అంటే వెన్నెల, ఆకులు రాలడం కాదు. ఆకులు రాలేది శిశిరంలో, అది చలికాలం చివర. ఇక్కడ ఈ నెలలో ఈ చెట్టు కింద జరుగుతున్నదానికి నా ఎం.ఏ.లో మాట లేదు. అయినా, "శిశిరం" అన్నాను, గట్టిగా.

"మా టీచర్ జూలూలో ఇక్విండ్ల అన్నారు. నువ్వు శిశిరం అంటావు. అవ్వ వసంతం అంటుంది. ఎవరు రాంగ్?"

అవ్వ చేతిలో ఆకుని మడిచి విప్పింది. "మా అమ్మ చెప్పింది, ఉగాదికి వసంతం వత్తాదని. ఉగాదికి ఇక్కడ ఆకే రాల్తాది. నేను చిన్నప్పటి నుంచీ అదే సూసింది." ఆకుని బల్ల మీద పెట్టి, "నువ్వు కాలేజీ. నీకే తెలుసు" అంది. కోపంగా అని ఉంటే బాగుండేది. నిజంగానే అంది.

ఆ తర్వాత నా ముందు ఆమె ఎప్పుడూ వసంతం అనలేదు. "ఆటమ్" అనేది, ఇంగ్లీషులో. పోయినేడు ఒకసారి గోడ ఇవతలి నుంచి విన్నాను, మనవరాలితో ఏదో చెబుతూ వసంతం అంటోంది. నా చెప్పుల చప్పుడు విని గొంతు తగ్గించింది. ఆమెకి మిగిలిన మాటలే పాతికో యాభయ్యో. అందులో ఒకటి నా వల్ల దొంగసరుకు అయిపోయింది. ఆ గురువారం ఆకులు గుచ్చుతూ ఆ మాట ఎత్తాలనుకున్నాను. ఏమని? "అవ్వా, నీదే కరెక్ట్" అనా? కరెక్ట్ కాదు కదా. "నాదే తప్పు" అనా? తప్పూ కాదు. రాత్రంతా వాక్యం కుదర్లేదు, తెల్లారేసరికి మనిషి లేదు.

శుక్రవారం మనవరాలు కార్డు ముక్కతో వచ్చింది. నేను రాశాను: "మా అవ్వ శిశిరంలో వెళ్లిపోయింది." ఇంగ్లీషు అక్షరాల్లో కింద మళ్లీ రాసి చదివించాను. పిల్ల రెండుసార్లు చదివింది.

"శిశిరం ఎవరిది, ఆంటీ?"

"ఎవరిది అంటే?"

"అవ్వది కాదు కదా."

"కాదు. మీ అమ్మ కరెక్ట్‌గా రాయమంది."

"అయితే ఇది నువ్వు పోయినప్పుడు చెప్తాను" అంది. పొగరుతో కాదు. నిజంగా ఏ మాట ఎవరిదో సర్దుతున్నట్టు అంది. నేను కార్డు వెనక్కి తీసుకుని ఆ మాట కొట్టేశాను. పైన వసంతం అని రాయడానికి చాలాసేపు పట్టింది. రాస్తుంటే బళ్లో తెలుగు పరీక్షలో తెలిసి తెలిసి తప్పు రాస్తున్నట్టు అనిపించింది. ఒక తప్పు దిద్దుతున్నానో, ఇంకో తప్పు చేస్తున్నానో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ఇది చదివే మీలో పండితులుంటారు, మీరు చెప్పండి. కానీ చెప్పేముందు ఒకసారి ఏప్రిల్‌లో ఇక్కడికి వచ్చి, ఆ చెట్టు కింద నిలబడండి.

శనివారం చర్చి హాలు నిండిపోయింది. మనవరాలు మైకు అందక స్టూలెక్కింది. "మా అవ్వ వసంతంలో వెళ్లిపోయింది. ఆకు రాలింది" అంది. రెండో వాక్యం నేను రాసింది కాదు. అర్థమైనవాళ్లు అక్కడ పట్టుమని నలుగురు ఉండరు. అయినా హాలంతా ఆమెన్ అంది. కోడలు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు చూసి తలూపింది, కరెక్ట్‌గా రాసినందుకు.

బావ నా చెవి దగ్గరికి వంగాడు. "వసంతం ఏమిటి? తప్పు కదూ? రాసిచ్చింది నువ్వేగా?"

"ఇక్కడ అంతే, బావా" అన్నాను. ఆ మాట నమ్మి అన్నానో, ఆయన నోరు మూయించడానికి అన్నానో.

ఖననం అయ్యి అందరూ ఇంటికొచ్చాక, పెద్దవాళ్లు లోపల టీ తాగుతున్నారు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. మునిసిపాలిటీ మనిషి వెడల్పాటి చీపురుతో వీధి ఊడ్చుకుంటూ వస్తున్నాడు. పిల్లలిద్దరూ మంచి గౌనుల్లో, అతనికంటే ముందు పరుగెత్తి ఆకులు ఏరుతున్నారు.

"మీ భాషలో ఈ కాలాన్నేమంటారు?" జూలూ పిల్ల ఇంగ్లీషులో అడిగింది.

మనవరాలు తలెత్తి నన్ను చూసింది.

"వసంతం" అంది.

"వసంతమ్" అంది ఆ పిల్ల, నోట్లో వేసుకుని చూసినట్టు. ఇద్దరూ మళ్లీ వంగారు. ఊడ్చే మనిషి వాళ్ల దాకా వచ్చి, ఒక్క క్షణం చూసి, చీపురు కర్ర మీద గడ్డం ఆనించి, వాళ్ల పని అయ్యేదాకా అక్కడే నిలబడిపోయాడు.