అమ్మ చదివిన కాగితం

మా ఇంట్లో ‘ట్రయల్’ అన్న మాట నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. నాన్న లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. పాతబడిన రైలు పెట్టెలు అక్కడికి వచ్చేవి. వాటిని విప్పి, అరిగిన భాగాలు మార్చి, రంగులు వేసి, అంతా అయ్యాక ఒకరోజు లైను మీద నడిపి చూసేవారు. దాని పేరు ట్రయల్. ఆ రోజుల్లో నాన్న ఇంటికి రావడం ఆలస్యమయ్యేది గానీ ముఖం వెలిగిపోతూ ఉండేది. అమ్మ గుమ్మంలోనే నిలబడి "ఏటి, ట్రయలయిపోనాదా?" అని అడిగేది. అయిపోయిందంటే మర్నాడు చేపల పులుసు ఖాయం. చిన్నప్పుడు నాకు అంతకన్నా మంచి మాట ఇంకోటి తెలీదు.

అమ్మ శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లి చేసుకుని ఈ కాలనీకి వచ్చింది. నలభై ఏళ్లున్నా ఆమె బెంగాలీ చేపల బజారు దాటి ముందుకు పోలేదు. బేరమాడ్డానికీ, కుళాయి దగ్గర పోట్లాడ్డానికీ సరిపోయేది. మిగతా బతుకంతా తెలుగే. రోజూ పొద్దున్నే కిటికీ పక్కన కూర్చుని బైబిలు తెరిచి వాక్యం పైకి చదివేది. ఆదివారం తెలుగు ఆరాధనలో చదవాల్సినవాళ్లు రాకపోతే పాస్టరుగారు అమ్మ వైపే చూసేవారు. ఇంట్లో "సెప్పీసినాను, ఒగ్గీ" అనే మనిషి పుస్తకం తెరిచేసరికి ఒక్క ఒత్తు జారకుండా, ఒక్క దీర్ఘం మింగకుండా చదివేది. నేను బెంగాలీ మీడియంలో చదివి బెంగాలీ బళ్లోనే టీచర్నయ్యాను. తెలుగు నాకు నోటి భాష. అక్షరాలు తెలుసు గానీ ఒక్కొక్కటీ కూడబలుక్కోవాలి. అమ్మకీ నాకూ ఉన్న ఈ తేడా ఏనాడైనా పెద్ద సంగతవుతుందని నేననుకోలేదు.

అమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషనయింది, కీమో అయింది, ఊడిన జుట్టు ఉంగరాలు తిరిగి మళ్లీ వచ్చింది. "ఇదేటే, ఈ వయసులో నాకీ సోకు" అని అద్దం ముందు నవ్వుకునేది. రెండేళ్లు బాగానే ఉంది. తర్వాత నడుం నొప్పి అంది. స్కాన్ తీశారు. డాక్టరుగారు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి, జబ్బు ఎముకల్లోకి పాకిందనీ, ఇక పూర్తిగా పోగొట్టడం కుదరదనీ, మందులతో అదుపులో ఉంచగలిగినంత కాలం ఉంచడమేననీ ఇంగ్లీషులో చెప్పారు. బయటికొస్తే బెంచీ మీద అమ్మ మరమరాలు తింటోంది. "ఏటంట?" అంది. "మందు మారుస్తారట" అన్నాను. అబద్ధమైతే కాదు. అక్కడితో ఆపేశాను, అంతే. నాన్నకీ అంతవరకే చెప్పాను.

ఆ తర్వాత వారం ట్రయల్ సంగతి వచ్చింది. ఆ పనులు చూసే కోఆర్డినేటర్ ఒక బెంగాలీ అమ్మాయి. నాకన్నా చిన్నదే అయినా నేను ఆమెని దిది, అంటే అక్క, అనేదాన్ని, ఆమె నన్ను దిది అనేది. పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చెప్పింది. కొత్త మందు ఏదైనా మెట్లెక్కి రావాలట. మొదటి మెట్టులో కొద్దిమందికి ఇచ్చి, మనిషి ఎంత మోతాదు తట్టుకోగలడో చూస్తారు. రెండో మెట్టులో అది జబ్బు మీద పనిచేస్తోందా అని చూస్తారు. మూడో మెట్టులో చాలామందిని తీసుకుని, కొందరికి కొత్త మందూ, కొందరికి ఇప్పుడు అందరికీ వాడుతున్న మందూ ఇచ్చి, రెండింటినీ పోల్చి చూస్తారు. అమ్మని అడుగుతున్నది ఈ మూడో మెట్టుకి. ఎవరికి ఏ మందన్నది కంప్యూటరు తేలుస్తుంది, డాక్టరు చేతిలో ఉండదు. వైద్యం లేకుండా ఎవర్నీ వదిలెయ్యరు. కొత్త మందు మేలు చెయ్యొచ్చు, చెయ్యకపోవచ్చు, ఇంతవరకూ ఎవరూ చూడని ఇబ్బంది ఏదైనా తేవచ్చు. "ఏది మంచిదో తెలిసుంటే మిమ్మల్ని అడగనే అడగం దిది. చీటీ రాసి ఇచ్చేస్తారు" అంది.

అమ్మకి తెలుగు బాగా వచ్చని విని, ఆస్పత్రి కమిటీ ఒప్పుకున్న తెలుగు కాగితం కూడా తెప్పించింది. ఇంటికి తీసుకెళ్లి తాపీగా చదువుకోండి, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోండి, తొందరేం లేదు అంది. నేను లోకల్ రైలెక్కి కూర్చుని దాన్ని తెరిచాను. హౌరా నుంచి లిలువా ఒక్క స్టేషనే. ఆ ఒక్క స్టేషను దూరంలో నేను చదవగలిగింది ఒక్క వాక్యం. ‘శరీరంలోని ఇతర భాగాలకు వ్యాపించిన రొమ్ము క్యాన్సర్ ఉన్నందున మిమ్మల్ని ఈ అధ్యయనంలో పాల్గొనవలసిందిగా కోరుతున్నాము.’ మొదటి వాక్యమే అది. కాగితాన్ని మడిచి సంచీ లోపలి అరలో పెట్టి జిప్పు లాగేశాను.

ఇంటికెళ్లి "ట్రయల్లో చేరమంటున్నారు" అన్నాను. నాన్న పేపరు పక్కనబెట్టి నిటారుగా కూర్చున్నాడు.

"ట్రయలా? అయితే పనైపోనాదన్నమాట" అన్నాడు అమ్మతో. "రిపేరు అవకుండా ఏ బండినీ ట్రయల్‌కి తియ్యరు. షాపులోనే ఉంచీస్తారు."

"మరీ నడుం నొప్పేటి?"

"కొత్త పార్టులేసినాక కొన్నాళ్లు కిర్రుమంటాది. లైనెక్కితే అదే సర్దుకుంటాది."

అమ్మ హమ్మయ్య అనుకున్నట్టు వెనక్కి వాలింది. చాలా నెలల తర్వాత ఆమె భుజాలు అలా దిగడం చూశాను. అప్పుడే నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. పిరికిదాన్ని. పైగా, ఇలాగైతే అమ్మ బెదరకుండా సంతకం పెడుతుంది కదా అని లోపల ఒక మూల సంతోషించాను కూడా. సాయంత్రానికి కాలనీలో నాలుగిళ్లకి తెలిసిపోయింది, ఆవిడకి నయమైపోయిందట, ట్రయలే మిగిలిందట అని. ఒకావిడ గిన్నెలో పాయసం తెచ్చింది.

మరుసటి వారం ఆస్పత్రికి వెళ్లాం. చిన్న గది, అమ్మా నేనూ కోఆర్డినేటరూ, ముగ్గురమే. కోఆర్డినేటర్ అంతా మళ్లీ బెంగాలీలో చెప్పింది, నేను తెలుగులో అందులో సగం చెప్పాను. చివర ఆమె నాతో, అమ్మని పిన్నిగారూ అన్నట్టు మాషీమా అంటూ, "మాషీమాకి ఏం అర్థమైందో ఆవిడ మాటల్లోనే చెప్పమనండి. ఇది అందర్నీ అడుగుతాం" అంది. అడిగాను. అమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని, బడిపిల్ల అప్పజెప్పినట్టు చెప్పింది.

"నాకు రిపేరు అయిపోనాది. ఇప్పుడు ఒకపాలి లైను మీద నడిపి సూస్తారు. పాసైతే మరింక రానక్కర్లేదు."

కోఆర్డినేటర్ నా వైపు చూసింది. ఆ గదిలో ఆమె ఒక్కదానికే తెలుగు రాదు. నేనేం చెబితే అదే.

"అర్థమైందంటోంది" అన్నాను.

ఆమె పెన్ను కింద పెట్టింది. "రిపేర్ అన్నారు కదా" అంది నెమ్మదిగా. "లైన్ అన్నారు. పాస్ అన్నారు. రిపేర్ దేనికి దిది?"

మా వాళ్ల తెలుగులో సగం రైల్వే మాటలే. ఎక్కడికెళ్లినా పట్టించేస్తాయి.

"తెలుగు కాగితం ఆవిడ చదివారా?" అని అడిగింది.

నేను సంచీ జిప్పు తీసి కాగితం బల్ల మీద పెట్టాను. ఆ అచ్చు తెలుగు అమ్మకి ఎలాగూ అర్థం కాదులే అని వారమంతా నాకు నేను చెప్పుకున్నాను. నాకు కొరుకుడు పడనిది అమ్మకీ పడదనుకున్నాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుంది. ఆదివారం గొంతుతో మొదలుపెట్టింది. ‘శరీరంలోని ఇతర భాగాలకు వ్యాపించిన’ దాకా చదివి ఆగింది. మళ్లీ మొదటికెళ్లి అక్కడిదాకా చదివింది. తర్వాత గొంతు తీసేసి, పెదాలతో, పేజీ చివరివరకూ చదువుకుంది. రెండో పేజీ తిప్పింది.

"ఇది నీకు తెలుసా?" అంది.

"తెలుసమ్మా."

"ఎప్పుట్నుంచి?"

"స్కాన్ రోజు నుంచి."

"నేను బయట మరమరాలు తింటన్నప్పుడా?"

తలూపాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నీకు తెలుగు సదవడం రాదు. నాకొచ్చు కదే" అంది. "నాకిచ్చీవలసినాది."

ఆ మాట ఇప్పటికీ నా గుండెల్లో గుచ్చుకుంటుంది. తర్వాత అమ్మ ప్రశ్నలు అడిగింది. నేను రెండు వైపులా ఉన్నదున్నట్టు చెప్పాను. మధ్యలో మానేస్తే ఏమవుతుంది? ఎప్పుడైనా మానొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మామూలు వైద్యం ఆగదు. ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలి? ఎవరికి ఏ వేళలో ఫోన్ చెయ్యాలో ఆ కాగితంలోనే ఉంది. ఆఖర్న అడిగింది, ఈ మందు నాకు నయం చేస్తాదా అని. కోఆర్డినేటర్ నా వైపు కాక అమ్మ వైపే చూస్తూ, "నయం చెయ్యదు మాషీమా. ఇంకొంతకాలం ఎక్కువ అదుపులో ఉంచుతుందేమో, అదే తెలుసుకోవాలి" అంది. నేను తెలుగు చేశాను. "నయం చెయ్యదమ్మా." ఆ రెండు ముక్కలు చెప్పడానికి నాకు రెండు వారాలు పట్టింది.

ఆ రోజు సంతకం పెట్టలేదు. కోఆర్డినేటరే వద్దంది. ఇంటికెళ్లాక అమ్మే నాన్నకి చెప్పింది, కాగితం చదివి వినిపించి మరీ. నాన్న నా మీద మండిపడ్డాడు. "ముప్పయ్యేళ్లు ట్రయలిచ్చినోణ్ణి. నాకు సెప్పవేటి?" అన్నాడు. పరీక్ష జరిగేది మందుకని, అమ్మకి కాదని నేను మెల్లగా చెప్పాను. విన్నాడు.

"ఏ మందు ఎవరికన్నది ఎవరు తేలుస్తారు? పెద్ద డాక్టరా?"

"కంప్యూటరు నాన్నా. ఎవరికీ ముందుగా తెలీదు, ఎవరూ మార్చలేరు."

"సిఫార్సు నడవదా?"

"నడవదు."

నాన్న కాస్త కుదుటపడ్డాడు. రైల్వే క్వార్టరు కోసం పదకొండేళ్లు వరసలో నిలబడి, సిఫార్సున్నవాళ్లు ముందు దూరిపోవడం చూసిన మనిషి. "అలాగైతే నాయమే" అన్నాడు.

రెండు రోజులాగి అమ్మ సంతకం పెట్టింది. పెట్టాల్సిన ప్రతిచోటా, తెలుగులో, తేదీ వేసి. కంప్యూటరు పాత మందు వరసలో వేసింది. నేను అక్కడే ఏడ్చేశాను. దీనికోసమా ఇంత తిరిగింది, ఈ మందైతే ఏ ఆస్పత్రిలోనైనా ఇస్తారు కదా, మానేద్దాం పద అన్నాను.

"అందరూ కొత్తదే మింగితే అది మంచిదో కాదో ఎలా తెలుస్తాదే?" అంది అమ్మ. "పాతదానికీ మనుషులుండాల కదా." ఒక్కసారి చదివి ఆవిడ పట్టుకున్న సంగతి, బెంగాలీలో రెండుసార్లు విన్న నా బుర్రకెక్కలేదు.

అలా రెండు చలికాలాలు తిరిగాం. ఇప్పుడు తలచుకుంటే ఆ తిరుగుళ్లే బాగున్నాయనిపిస్తుంది. హౌరాలో దిగాక అమ్మ బస్సు ఒద్దనేది, లాంచీ ఎక్కాల్సిందే. గంగ గాలికి శాలువా చెవుల మీదికి లాక్కుని, అవతలి ఒడ్డు వచ్చేదాకా మాట్లాడేది కాదు. ఆస్పత్రిలో నెత్తురు తీసి, బరువు చూసి, ఎలా ఉందని బోలెడు ప్రశ్నలు అడిగేవారు. "నా పెళ్లిసూపుల్లో కూడా ఇన్ని అడగలేదు" అనేది. పిలిచేదాకా బెంచీ మీద కూర్చుని నాకు తెలుగు చదవడం నేర్పింది, తన పాటల పుస్తకంలోంచి. తప్పు చదివితే మోచేత్తో పొడిచేది. నలభైకి దగ్గరపడ్డాక నేను భాష నేర్చుకున్నది క్యాన్సర్ ఆస్పత్రి వరండాలో. ఇది తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ పొడుపుల పుణ్యమే. ఆ బెంచీ మీద అమ్మ భుజం నా భుజానికి ఆనిన వెచ్చదనం నాకిప్పటికీ కావాలి.

మూడో చలికాలం రాకముందే అమ్మ పోయింది. ఇంట్లోనే, పగటిపూట, నాన్నా నేనూ పక్కనుండగా.

ఆ తర్వాత చాన్నాళ్లకి కోఆర్డినేటర్ ఫోన్ చేసింది. అధ్యయనం ముగిసింది, ఫలితం తెలుసుకోవాలనుకున్నవాళ్లకి చెబుతున్నాం, చెప్పమంటారా అంది. నాన్న పక్కనే ఉన్నాడు. చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు. కొత్త మందు వేసుకున్నవాళ్లలో జబ్బు ఎక్కువకాలం అదుపులో ఉందట. ఇకమీదట అమ్మలాంటివాళ్లకి డాక్టర్లు అదే రాసే అవకాశం ఉందట.

థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసి, వంటింట్లోకెళ్లి గిన్నెలు దబదబా తోమాను. ఆ కంప్యూటరు కొత్త మందు వరసలో వేసుంటే అమ్మకి ఇంకో చలికాలం దొరికేదేమో. అది చాలామందిని కలిపి చూసిన మాట, ఒక్క మనిషి సంగతి అందులోంచి చెప్పలేం అని నాకు తెలుసు. తెలిసినా కోపం కోపమే. నాన్న గుమ్మం దగ్గరకి వచ్చి నిలబడ్డాడు.

"మీయమ్మకి సెప్పాల" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యాడు. ఇద్దరం బస్సులో సమాధుల తోటకి వెళ్లాం. రాతి మీద ఆకులు నేను ఊడ్చాను. నాన్న చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"నువ్వే సెప్పు" అన్నాడు. "ఈపాలి ఏదీ దాచీకు."

నేను కింద కూర్చున్నాను. "అమ్మా, కొత్త మందే మేలని తేలింది" అన్నాను. "నీకు పడింది పాతది."