రంగు గీకిన చోట

మోటార్ డ్రైవ్ ఆన్ చేయగానే సన్నగా ఒక కూత మొదలవుతుంది, చెవి పక్కన దోమ చేరినట్టు. ఈ ఉదయం కొత్త ప్యానెల్ దగ్గర ఆ కూత వినగానే వసుంధర ఆంటీ గుర్తొచ్చారు. నాకు పని నేర్పింది ఆవిడే. నేర్పారనడం మర్యాద కోసం, నిజానికి వాయించారు.

మోటార్ల వేగాన్ని అదుపుచేసే డ్రైవ్‌లు బిగించే చిన్న కంపెనీ మాది, మెల్‌బోర్న్‌లో. ఆవిడ ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన సీనియర్ ఇంజనీరు. నేను వరంగల్ నుంచి వచ్చి, క్లేటన్‌లో నలుగురితో అద్దె ఇంట్లో ఉంటూ, ప్రొబేషన్ మీద చేరినవాణ్ణి. నా వీసా ఆ ఉద్యోగానికే ముడిపడి ఉంది. ఆఫీసులో అందరూ ఆవిడను పేరు పెట్టి పిలిచేవారు. నాకు నోరు రాక ఆంటీ అనేశాను, అదే ఖాయమైపోయింది.

డ్రైవ్ విద్యుత్తును క్షణానికి వేల ముక్కలుగా తెంచి మోటారుకు ఇస్తుంది. అందులోంచి పుట్టే రొద తీగల వెంట పాకి పక్క యంత్రాలను తికమక పెడుతుంది. ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో బెల్టు తిరిగితే చాలు, ప్యాకెట్లు తూచే యంత్రం అంకెలు చిందులేసేవి. మంచి ప్యాకెట్లు కూడా తూకం తప్పినట్టు పక్కకు పోయేవి. ఆ రొదను పట్టి, ప్యానెల్ పెట్టె లోహం గుండా డ్రైవ్‌కే తిప్పి పంపే ఫిల్టర్లు నేను బిగించాను, పెట్టెలోని తెల్ల రంగు వేసిన ఇనుప పలకల మీద, ముచ్చటగా. అంకెలు మాత్రం కుదుటపడలేదు. ఫ్యాక్టరీ మేనేజర్ గ్రెగ్ రేపటిలోగా తేల్చకపోతే అన్నీ ఊడబీక్కుని పొమ్మన్నాడు. ఆ మధ్యాహ్నం ఆంటీ వచ్చారు.

“ఫిల్టరే ఖరాబున్నది ఆంటీ. సప్లయర్‌కి మెయిల్ రాసి పెట్టిన.”

“సెండ్ కొట్టావా?”

“ఇంకా లేదు.”

“కొట్టకు. కరెంటు ఆపి, ముందు ఈ బెల్టు డ్రైవ్‌ది ఊడదియ్యి.”

తీశాను. ఆవిడ సంచిలోంచి రంగు గీకే రేకు బిళ్ల తీసి నా చేతిలో పెట్టారు. “పెయింట్ మీద బిగిస్తే రొద ఎటు పోద్దయ్యా? ఆ ఎర్త్ వైరు షాక్ కొట్టకుండా కాపాడుద్ది గానీ, దీనికి ఆ సన్న దారి చాలదు. మెటల్‌కి మెటల్ తగలాలి. గీకు.”

లోహం మెరిసేదాకా గీకి మళ్లీ బిగించాను. బెల్టు తిరిగింది, అంకెలు చెదరకుండా నిలబడ్డాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

“ఇప్పుడెళ్లి గ్రెగ్‌కి ఉన్నదున్నట్టు చెప్పు.”

“నా మిస్టేక్ అంటే జాబ్ పోతది ఆంటీ. వీసా...”

“పోదని నేను ప్రామిస్ చెయ్యలేను. ఫిల్టర్ పాడైందని చెప్పావనుకో, నువ్వు బిగించిన మిగతా పన్నెండూ ఎవరు గీకుతారు?”

వెళ్లి చెప్పాను. గ్రెగ్ “ఇలాంటివి ఎన్ని?” అన్నాడు. పన్నెండన్నాను. “ఎప్పుడు మొదలుపెడతావ్?” “ఇప్పుడే.” ఆ వారమంతా గీకాను. మోకాళ్ల నొప్పులతోనే ఆంటీ పక్కన కూర్చుని మూడు పలకలు తనే గీకారు.

ఉద్యోగం ఎలా నిలిచిందో చాలాకాలం నాకు తెలియదు. ఆవిడ రిటైరయ్యాక పాత ఫైళ్లు సర్దుతుంటే ఆనాటి రిపోర్టు కనపడింది. కారణం అన్నచోట ఆంటీ రాసిన మాటలు: “బిగించింది కొత్తవాడు. వెళ్లి చూడకుండా సరిచూశానని సంతకం పెట్టింది నేను.” ఆ రెండు వాక్యాలూ మళ్లీ చదివాను.

ఇప్పుడు ఆ సంతకం పెట్టాల్సింది నేను. కరెంటు ఆపి, తలుపు తెరిచి, చేత్తో తడిమి చూడనిదే ఏ ప్యానెల్ మీదా పెట్టను. ఆలస్యమవుతోందని పైవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.